చిన్న ఇల్లు, స్వయంసమృద్ధ ఇల్లు: రెండూ ఒకే కప్పు కింద ఎంతవరకు కుదురుతాయి?

ఈ ఇల్లు వీడియోల్లో చాలామంది చూసే ఉంటారు. చెక్క గోడలు, కప్పు మీద నాలుగు సోలార్ పలకలు, పక్కన నీళ్ళ ట్యాంకు, నిచ్చెన ఎక్కితే అటక మీద పరుపు. కరెంటు బిల్లు లేదు, నీళ్ళ బిల్లు లేదు, ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు అని యజమాని తీరిగ్గా చెబుతుంటాడు. బయట ఎండ బ్రహ్మాండంగా కాస్తుంటుంది. ఇలాంటి వీడియోలన్నిటిలోనూ ఎండ కాస్తూనే ఉంటుంది, ఎందుకో మరి.

చూసినవాళ్ళకి రెండు రకాల అనుమానాలొస్తాయి. ఇంత సులువైతే అందరూ ఎందుకు కట్టుకోవడం లేదని కొందరికి. ఇదంతా డబ్బున్నవాళ్ళ సరదా అని ఇంకొందరికి. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. చిక్కు ఎక్కడంటే, చిన్నది, పర్యావరణానికి మంచిది, స్వయంసమృద్ధం అనే మూడు మాటల్ని మనం ఒకే ఊపిరిలో అనేస్తాం. కాగితం మీద లెక్క వేస్తే ఇవి ఒకదాన్నొకటి వెనక్కి లాగుతుంటాయి. ఆ లెక్కలే ఇక్కడ వేసి చూద్దాం. గుణకారం, భాగహారం వస్తే చాలు.

## మూడు మాటలు, మూడు వేరువేరు కొలతలు

చిన్నది అంటే నేల విస్తీర్ణం. ఎంతుంటే చిన్నది అనేదానికి ప్రపంచమంతటికీ ఒకే గీత లేదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఆధారంగా తీసుకునే నివాస నిర్మాణ నియమావళి 2018 కూర్పులో టైనీ హౌస్ కోసం ఒక అనుబంధం చేర్చారు. అటకను లెక్కలోకి తీసుకోకుండా 400 చదరపు అడుగులు, అంటే సుమారు 37 చదరపు మీటర్లు మించకపోతే అది టైనీ హౌస్. మామూలు మాటల్లోనైతే లోపల ఎంతమంది ఉంటారనేదాన్ని బట్టే చిన్నా పెద్దా.

పర్యావరణానికి మంచిది అంటే, కట్టడం మొదలుపెట్టిన రోజు నుంచి కూల్చే రోజు దాకా ఆ ఇంటివల్ల జరిగే మొత్తం నష్టం తక్కువగా ఉండడం. ఇందులో రెండు పద్దులున్నాయి. సిమెంటు, ఇనుము, ఇటుక, గాజు తయారు చెయ్యడానికి తగలబెట్టిన ఇంధనం మొదటి పద్దు. తర్వాత ఏళ్ళ తరబడి దీపాలకీ, వంటకీ, చల్లదనానికీ, వెచ్చదనానికీ అయ్యేది రెండో పద్దు. జనం ఎక్కువగా మాట్లాడేది రెండోదాని గురించే.

స్వయంసమృద్ధం అంటే ఇంటికి కావలసింది ఇంటి దగ్గరే పుట్టడం. కరెంటు, నీళ్ళు, మురుగు, ఇంకా పట్టుదల ఉన్నవాళ్ళకి తిండి కూడా.

ఒకటి ఉంటే మిగతా రెండూ వాటంతటవి రావు. నాలుగు పక్కలా రేకు కొట్టి రోజంతా ఏసీ నడిపే గది చిన్నదే, పర్యావరణానికి మాత్రం భారం. పెద్ద బంగళా మీద ఎకరమంత సోలార్ పలకలు పరిచి, ఒక గది నిండా బ్యాటరీలు పేరిస్తే అది స్వయంసమృద్ధమే, అంతమాత్రాన పొదుపు అనలేం. అపార్ట్‌మెంటులో నాలుగు వైపులా పక్కింటి గోడలున్న ఫ్లాటుకి కరెంటూ నీళ్ళూ అన్నీ బయటి నుంచే రావాలి. అయినా తలకి లెక్కేస్తే దాని భారం ఈ రెండింటికన్నా తక్కువే ఉండొచ్చు.

ఇంకో జంట మాటలు కూడా తరచూ కలగాపులగం అవుతాయి. నెట్ జీరో, ఆఫ్ గ్రిడ్. నెట్ జీరో ఇల్లు బ్యాంకు ఖాతా లాంటిది. ఎండ బాగున్న నెలల్లో కరెంటును గ్రిడ్‌లో, అంటే అందరి ఇళ్ళకీ కరెంటు తెచ్చే లైన్లలో జమ వేస్తుంది, మబ్బు నెలల్లో తీసుకుంటుంది. ఏడాది చివర జమా ఖర్చూ సరిపోతే చాలు, మధ్యలో ఎన్నిసార్లు అప్పులో పడ్డా ఫర్వాలేదు. ఆఫ్ గ్రిడ్ ఇంటికి ఖాతా లేదు, జేబు మాత్రమే ఉంది. అర్ధరాత్రి రెండింటికి జేబులో లేకపోతే లేనట్టే. ఏడాది మొత్తం మీద అవసరానికి రెట్టింపు కరెంటు పుట్టించే ఇంట్లో కూడా ఒక రాత్రి చీకట్లో కూర్చోవాల్సి రావచ్చు. ఈ ఒక్క తేడా గుర్తుంటే ఈ విషయం మీద జరిగే వాదనల్లో చాలావరకు ఎక్కడ చిక్కుపడుతున్నాయో తెలుస్తుంది.

## చిన్న ఇంటికి చర్మం ఎక్కువ

ఇల్లు వేడెక్కినా చల్లబడినా చాలావరకు తన చర్మం గుండానే, అంటే గోడలూ కప్పూ గుండానే. రెండు ఇళ్ళు తీసుకుందాం. రెండూ 3 మీటర్ల ఎత్తు. మొదటిది 4 మీటర్లకి 4 మీటర్లు, నేల 16 చదరపు మీటర్లు. దీని గోడలు 48, కప్పు 16, మొత్తం చర్మం 64 చదరపు మీటర్లు. రెండోది 10 మీటర్లకి 10, నేల 100. గోడలు 120, కప్పు 100, మొత్తం 220.

మొత్తం చూస్తే చిన్నింటి చర్మం పెద్దింటి దాంట్లో మూడో వంతు కూడా లేదు. అందుకే దానికయ్యే ఖర్చు మొత్తంగా తక్కువ. కానీ ఒక్కో చదరపు మీటరు నేలకి పంచి చూడండి. చిన్నింటికి 4 చదరపు మీటర్ల చర్మం, పెద్దింటికి 2.2. తన సైజుతో పోలిస్తే చిన్నిల్లు ఎండకీ చలికీ దాదాపు రెట్టింపు ఒళ్ళు అప్పగిస్తోంది. పసిపిల్లలకి చలి త్వరగా పట్టడంలో ఉన్నదీ ఈ లెక్కే.

జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో 1991లో మొదటి ఇళ్ళు పూర్తయిన పాసివ్‌హౌస్ పద్ధతిలో ఒక హద్దు ఉంది. గదులు వెచ్చగా ఉంచడానికి ఏడాదికి చదరపు మీటరుకి 15 యూనిట్లకు మించి అవసరం కాకూడదు. ఈ హద్దు అందుకోవడం పెద్ద భవనాలకన్నా విడిగా నిలబడ్డ చిన్న ఇళ్ళకే కష్టం. కారణం ఈ చర్మమే. కొలత చదరపు మీటరుకి పెట్టాలా, మనిషికి పెట్టాలా అనే వాదన వచ్చేది ఇక్కడే. చదరపు మీటరుకి పెడితే భవనాలను ఒకే త్రాసులో తూచడం సులువు, లోపల ఎవరుంటారో ముందే తెలియదు కదా అంటారు ఒక పక్షం. మనిషికి పెట్టకపోతే పెద్దిళ్ళకి ఊరికే మంచి మార్కులు పడతాయంటారు రెండో పక్షం. నాకు రెండో మాటే నచ్చుతుంది. ఇల్లు రెట్టింపు చేసుకుని చదరపు మీటరుకి పొదుపు చూపించడం కొంచెం గారడీలా ఉంటుంది.

ఇప్పుడు ఆ 16 చదరపు మీటర్ల ఇళ్ళు నాలుగు కట్టాలనుకుందాం. విడివిడిగా కడితే మొత్తం చర్మం 256. గోడకి గోడ ఆనించి ఒకే వరసలో కడితే 184, అంటే ఇంటికి 46. వేడిని దాటనివ్వని పొర, అంటే ఇన్సులేషన్, పైసాది కూడా కొనకుండానే నాలుగో వంతుకు పైగా తగ్గింది. పర్యావరణ హితమైన ఇల్లు అనగానే తోట మధ్యలో ఒంటరిగా నిలబడ్డ బొమ్మరిల్లే కళ్ళ ముందుకి రావడం, ఈ లెక్క చూశాక, కాస్త వింతగా అనిపిస్తుంది.

## రేకు కప్పు, మట్టి గోడ, చూరు నీడ

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం రేకు కప్పు కింద నిలబడి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంటే, నీడలో ఉన్నా సరే, జుట్టు వేడిగా తగులుతుంది. గాలి వేడి ఒక్కటే అయితే అలా ఉండదు. రేకు మీద ఎండ పడి, బోర్లించిన పెనంలా అది కిందికి సెగ కొడుతోంది.

ఆ సెగ ఎంతో లెక్కెయ్యొచ్చు. పల్చటి రేకు, రెండు వైపులా ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరుకి దాదాపు 6 వాట్ల వేడిని దాటనిస్తుంది. ఎండ దెబ్బకి పైవైపు లోపలికన్నా 25 డిగ్రీలు ఎక్కువుందనుకుందాం. మన చిన్నింటి కప్పు 16 చదరపు మీటర్లు. మూడూ గుణిస్తే 2,400 వాట్లు. రెండు ఇస్త్రీ పెట్టెలు స్విచ్ వేసి నెత్తి మీద వేలాడదీసినంత. అదే రేకు కింద 10 సెంటీమీటర్ల మంచి ఇన్సులేషన్ పెడితే 6 వాట్లు కాస్తా 0.37 దగ్గరికి పడిపోతాయి. లోపలికి వచ్చేది 150 వాట్లే. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది కాబట్టి, ఇంటికి ఒకటిన్నర మంది చుట్టాలు వచ్చినట్టు. 2,400 వాట్లతో కుస్తీ పట్టడానికి ఏసీ, ఆ ఏసీకి సోలార్, ఆ సోలార్‌కి బ్యాటరీ అని గొలుసులా కొనుక్కుంటూ పోయే ముందు ఆ 10 సెంటీమీటర్ల సంగతి చూడాలి.

మందపాటి మట్టి గోడా ఇన్సులేషనూ ఒకటే అనుకునేవాళ్ళు చాలామంది. రెండింటి పనీ వేరు. ఇన్సులేషన్ స్వెటర్ లాంటిది, వేడిని దాటనివ్వదు. మందపాటి గోడ వేడిని మింగి, దాచుకుని, కొన్ని గంటల తర్వాత వదులుతుంది. పగలు ఎండ మండిపోయి రాత్రి బాగా చల్లబడే పొడి ప్రాంతాల్లో దీనికి సాటి లేదు. పగటి వేడి గోడ లోపలి ముఖానికి చేరేసరికి చీకటి పడి, కిటికీలు తెరుచుకునే వేళవుతుంది. రాత్రిళ్ళు కూడా ఉక్కపోసే తేమ ప్రాంతాల్లో కథ తిరగబడుతుంది. అక్కడ రాత్రి పదింటికి మంచం మీంచి చెయ్యి చాపి గోడకి ఆనిస్తే ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది. ఎండ పోయి నాలుగు గంటలైనా గోడ అప్పు తీరుస్తూనే ఉందన్నమాట, అదీ మన నిద్ర మీద. అలాంటి చోట తేలికైన గోడలు, ఎదురెదురు కిటికీలు, బారుగా దిగిన చూరు మేలు. మట్టిల్లు చల్లన అనే మాట సగం ప్రపంచానికే వర్తిస్తుంది.

చూరు సంగతి వచ్చింది కాబట్టి ఒక చిన్న లెక్క. ఉత్తరాన 25 డిగ్రీల అక్షాంశం మీద ఇల్లు ఉందనుకుందాం. దక్షిణం గోడకి 60 సెంటీమీటర్ల చూరు. జూన్ మూడో వారం మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన, 88 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. గోడ మొత్తం నీడలోనే. డిసెంబరు మూడో వారం మధ్యాహ్నం 41.5 డిగ్రీల ఎత్తుకే వస్తాడు, నీడ చూరు నుంచి 53 సెంటీమీటర్ల దాకానే దిగుతుంది. ఆ కింద ఉన్న కిటికీలోంచి చలికాలపు ఎండ గదిలోకి వస్తుంది. మోటారు లేదు, స్విచ్ లేదు. ఇదే చూరు పడమటి గోడకి పెడితే, సాయంత్రం సూర్యుడు 20 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు నీడ 22 సెంటీమీటర్లే పడుతుంది, మిగతా కిటికీ అంతా ఎండే. పడమటి వైపు పెద్ద అద్దాల కిటికీ పెట్టి దానికి మందపాటి కర్టెన్ కొనుక్కునేవాళ్ళని చూస్తే, ప్లాను గీసిన రోజు ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేదనిపిస్తుంది. దక్షిణార్ధగోళంలో ఉంటే పైన చెప్పినదాంట్లో దక్షిణం బదులు ఉత్తరం, జూన్ బదులు డిసెంబరు అని మార్చుకోవాలి.

ఈ విషయంలో ఒక పాత ప్రయోగం చెప్పుకోదగ్గది. కెనడాలోని రెజైనాలో చలికాలం సున్నాకి 30 డిగ్రీలు కిందికి పోతుంది. అక్కడ 1977లో సస్కాచెవాన్ కన్సర్వేషన్ హౌస్ అని ఒక ఇల్లు కట్టారు. అడుగు మందం ఇన్సులేషన్ గోడలు, సందుల్లేకుండా బిగించిన చర్మం, బయటికి పోయే గాలిలోని వేడిని లోపలికి వచ్చే గాలికి అందించే పరికరం, వీటితోపాటు ఎండతో నీళ్ళు కాచి నిలవ చేసే ఖరీదైన సోలార్ ఏర్పాటు. చూడ్డానికి వచ్చినవాళ్ళ కళ్ళన్నీ సోలార్ మీదే. ఖర్చు ఎక్కువైందీ, తరచూ మొరాయించిందీ అదే, చివరికి తీసేశారు. గోడలూ బిగింపూ మాత్రం అవసరాన్నే అంతగా తగ్గించేశాయి, తర్వాత వచ్చిన పాసివ్‌హౌస్‌కి దారి చూపించిన ఇళ్ళల్లో ఇదీ ఒకటైంది.

## నీళ్ళు: వాన ఎంత అనేదానికన్నా ఎప్పుడు అనేదే ముఖ్యం

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు. 50 చదరపు మీటర్ల కప్పు, ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన అనుకుందాం. ఆవిరయ్యేదీ, చిందిపోయేదీ, మొదటి వాన మురికిని వదిలేసేదీ పోగా 80 శాతం చేతికొస్తే 32,000 లీటర్లు. ఇద్దరు మనుషులు, మనిషికి రోజుకి 50 లీటర్లు చొప్పున ఏడాదికి 36,500 కావాలి. ప్రాథమిక అవసరాలకి మనిషికి రోజుకి 50 నుంచి 100 లీటర్లు అనేది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క, మనం కనిష్ఠం తీసుకున్నాం. కొంచెం లోటున్నా దాదాపు సరిపోయినట్టే కనిపిస్తుంది.

ఇప్పుడు అదే 800 మిల్లీమీటర్లు రెండు చోట్ల ఎలా పడుతుందో చూడండి. ఒకచోట నెలనెలా సమానంగా పడుతుంది. అక్కడ నెల రోజుల నిలవకి 3,000 లీటర్ల ట్యాంకు చాలు. రెండోచోట మొత్తం వాన నాలుగు నెలల్లోనే. ఆ నాలుగు నెలల్లో వాడుకోగా మిగిలే 20,000 లీటర్లూ దాచుకోవాలి. 2 మీటర్ల లోతు ట్యాంకు కట్టినా 10 చదరపు మీటర్ల నేల కావాలి, అంటే ఇంట్లో ఐదో వంతు. బరువు 20 టన్నులు. అంతా చేస్తే ఆ నీళ్ళు 200 రోజులొస్తాయి, ఎండాకాలం చివర నెలన్నర కటకట తప్పదు. ఏడాది వానపాతం ఒక్కటే చూసి వేసిన ప్లానులు దెబ్బతినేది ఇక్కడే.

మన 16 చదరపు మీటర్ల చిన్నింటి సంగతి ఇంకా ఇబ్బంది. దాని కప్పు మీద పడేది ఏడాదికి 10,000 లీటర్ల చిల్లర, మనిషికి రోజుకి 14 లీటర్లు. ఇల్లు చిన్నదైతే గొడుగు చిన్నదవుతుంది, కింద ఉన్న మనుషుల దాహం మాత్రం అంతే ఉంటుంది. అందుకే ఇలాంటి ఇళ్ళకి విశాలమైన వరండా, పక్కన సామాను షెడ్డు ఉంటాయి. అవి నీడకోసమే అనిపిస్తాయి కానీ నిజానికి వాన పట్టే చేతులు.

వాడకం తగ్గించడం రెండో దారి. ఒక్కో ఫ్లష్షుకి 6 లీటర్లు, రోజుకి ఐదుసార్లు అంటే మనిషి వాటా 50లో 30 అక్కడే పోయాయి. స్నానం నీళ్ళు పట్టి ఫ్లష్షుకి వాడుకోవడమో, నీళ్ళు అక్కర్లేని ఎరువు మరుగుదొడ్డి పెట్టుకోవడమో చేస్తే లెక్క ఒక్కసారిగా మారిపోతుంది. ఎరువు మరుగుదొడ్డికి ప్రతిసారీ రంపపు పొట్టో బూడిదో చల్లాలి, నిండిన పెట్టెను ఏడాదికి తగ్గకుండా, చలి ప్రాంతమైతే ఇంకా ఎక్కువకాలం పక్కన మాగబెట్టాలి. చేసేవాళ్ళు హాయిగా చేస్తారు, నచ్చనివాళ్ళకి ఎంత చెప్పినా నచ్చదు.

## కరెంటు: సగటు రోజు మోసం చేస్తుంది

ఇద్దరుండే ఇంటి రోజువారీ చిట్టా రాద్దాం. ఆరు ఎల్‌ఈడీ దీపాలు, ఒక్కోటి 9 వాట్లు, ఐదు గంటలు అంటే 270 వాట్ అవర్లు. తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లు రెండు, 28 వాట్ల చొప్పున 12 గంటలు, 672. లాప్‌టాప్ 300. చిన్న ఫ్రిజ్ 800. పంపు, ఫోన్లు, చిల్లర అంతా 200. మొత్తం రెండుంపావు యూనిట్లు. ఇండక్షన్ స్టవ్ మీద వంట ఒకటిన్నర యూనిట్ కలిపితే 3.75. ఆ రెండు ఫ్యాన్ల బదులు పాతరకం 75 వాట్లవి పెడితే ఒక యూనిట్‌కి పైగా పెరుగుతుంది. ఆరు గంటలు ఏసీ వేస్తే ఇంకో ఆరు యూనిట్లు, చిట్టా మొత్తం ఒక పక్క, ఏసీ ఒక్కటే ఒక పక్క.

సోలార్ వైపు చూద్దాం. రోజుకి నాలుగు గంటల పూర్తి ఎండకి సమానమైన వెలుతురు, వైర్లలో, ఇన్వర్టర్‌లో, దుమ్ములో పావు వంతు నష్టం. ఒక కిలోవాట్ పలకలకి 3 యూనిట్లు. కాబట్టి ఒకటింపావు కిలోవాట్ పెడితే 3.75 యూనిట్లు సరిగ్గా వస్తాయి. అమ్మేవాళ్ళ కాగితం చాలాసార్లు ఇక్కడితో ఆగిపోతుంది.

ఇక ముసురు పట్టిందనుకుందాం. ఐదు రోజులు వరసగా మబ్బు, పలకలిచ్చేది పావు వంతే. మొదటి రోజు ఎవరూ పట్టించుకోరు. మూడో రోజు బట్టలు ఉతకడం వాయిదా పడుతుంది. నాలుగో రోజు సాయంత్రానికి మీటరు మీద 23 శాతం కనిపిస్తుంది. ఫ్రిజ్ తలుపు తెరిచి ఆలోచిస్తూ నిలబడ్డ పిల్లాడికి అరుపు వినపడుతుంది. రోజుకి లోటు 2.8 యూనిట్లు, ఐదు రోజులకి 14. లిథియం బ్యాటరీని 90 శాతం దాకా వాడినా 16 యూనిట్లది కావాలి. సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడయ్యే లెడ్ యాసిడ్ అయితే 28. మామూలు రాత్రి గడవడానికి రెండు యూనిట్లు చాలు. అంటే బ్యాటరీలో ఎక్కువ భాగం ఏడాదికి ఒకటి రెండు వారాల కోసం కొన్నది, మిగతా రోజులు ఊరికే కూర్చుని ముసలిదవుతుంది.

బ్యాటరీ పెంచే బదులు పలకలు పెంచడం ఇంకో ఉపాయం. 3 కిలోవాట్లు పెడితే మబ్బు రోజున కూడా రెండుంపావు యూనిట్లు వస్తాయి. వంట తప్ప అన్నీ నడుస్తాయి, ఆ ఐదు రోజులూ వంటకి గ్యాసో కట్టెలో వాడుకోవచ్చు. ఎండ రోజుల్లో మిగిలిన కరెంటు వృథా. కిలోవాట్‌కి సుమారు 5 చదరపు మీటర్లు కావాలి కాబట్టి 3 కిలోవాట్లకి 15. మన చిన్నింటి కప్పు 16. మళ్ళీ ఆ చిన్న గొడుగు సమస్యే.

భూమధ్యరేఖకి దూరంగా పోయేకొద్దీ చెడ్డ వారం కాస్తా చెడ్డ కాలమవుతుంది. జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో ఫ్రాన్‌హోఫర్ సౌరశక్తి సంస్థ 1992లో గ్రిడ్ లేకుండా సూర్యుడి మీదే బతికే ఇల్లు కట్టింది. చలికాలం మొత్తానికి సరిపడా బ్యాటరీలు పెట్టడం అయ్యే పని కాదు. అందుకని వేసవిలో మిగిలిన కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ దాచి, చలికాలంలో దాన్ని వాడుకున్నారు. సాధ్యమేనని తేలింది. అంత యంత్రాంగం ఒక్క కుటుంబం కోసం పెట్టడం సబబా అనే ప్రశ్న మాత్రం మిగిలింది.

## గ్రిడ్ ఉంచుకోవాలా, వదులుకోవాలా

గ్రిడ్ ఉంచుకోమనేవాళ్ళ వాదన ఇది. నా ఇంటి మీద మబ్బున్నప్పుడు వంద కిలోమీటర్ల అవతల ఎండ ఉంటుంది, గాలి వీస్తుంటుంది. పదిమంది కలిసి ఒక పెద్ద బ్యాటరీ వాడుకుంటే అందరికీ కలిపి తక్కువ సామాను చాలు. విడివిడిగా ఎవరికి వాళ్ళు చెడ్డ వారానికి సరిపడా కొనుక్కోవడం ఊళ్ళో ప్రతి ఇంటికీ ఒక అంబులెన్సు కొన్నట్టు ఉంటుంది.

వదులుకోవాలనేవాళ్ళకీ బలమైన మాటలున్నాయి. కొండ మీదో దీవిలోనో ఉన్న ఇంటికి లైను లాగించే ఖర్చుతో బ్యాటరీలు వచ్చేస్తాయి. తుపాను వచ్చి స్తంభాలు పడిపోయినప్పుడు దీపం వెలిగేది వాళ్ళింట్లోనే. మామూలుగా గ్రిడ్‌కి కట్టిన సోలార్ ఇల్లు గ్రిడ్ పోయినప్పుడు తానూ ఆగిపోతుంది, లైను మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా అలాగే పెడతారు. ఇది తెలియక చాలామంది టెన్షన్ పడతారు, కప్పు మీద ఎండ, ఇంట్లో చీకటి ఏమిటని. ఇంకోటి, కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో కళ్ళతో చూసే మనిషి వాడకం తగ్గించుకుంటాడు. మోటారూ వాషింగ్ మెషీనూ మధ్యాహ్నం వేసుకోవడం అలవాటవుతుంది.

మధ్యేమార్గంగా గ్రిడ్ ఉంచుకుని, ఒక రాత్రికి సరిపడా చిన్న బ్యాటరీ, గ్రిడ్ పోతే తెగి విడిగా నడిచే ఇన్వర్టర్ పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. నూటికి 90 వంతుల స్వయంసమృద్ధి అందుబాటు ధరలో దొరుకుతుంది, ఖర్చంతా ఆ చివరి 10 వంతుల్లోనే ఉంటుంది. పైన వేసిన 2 యూనిట్లు, 16 యూనిట్ల లెక్క చెప్పేది అదే.

## గోడలు దేనితో కడితే ఏమవుతుంది

ప్రపంచంలో మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం సిమెంటుదే. సున్నపురాయిని దాదాపు 1,450 డిగ్రీల దాకా కాలుస్తారు. కొలిమిలో మండే ఇంధనం పొగ ఒక ఎత్తయితే, కాలిన సున్నపురాయిలోంచే బయటికొచ్చే వాయువు ఇంకో ఎత్తు, అదే ఎక్కువ కూడా. కాబట్టి కొలిమిని సోలార్‌తో నడిపినా ఆ సగానికి పైగా భాగం పోదు. చిన్నిల్లు నిజంగా గెలిచేది ఇక్కడ. పునాది, స్లాబు, గోడలు అన్నీ తగ్గుతాయి, ఇంకే ఉపాయమూ అక్కర్లేకుండానే.

ఓడల కంటైనర్ల ఇళ్ళ మీద మోజు బాగా ఉంది. కంటైనరు వెడల్పు బయట 2.44 మీటర్లు, లోపల 2.35. ఇన్సులేషన్ రెండు వైపులా 8 సెంటీమీటర్లు పెడితే 2.19కి దిగుతుంది, అడ్డంగా మంచం వేస్తే పక్కన నడవడం కష్టం. దాని బలమంతా నాలుగు మూలల స్తంభాల్లోనూ ముడతల గోడల్లోనూ ఉంది. కిటికీ కోసం గోడ కోసేకొద్దీ చుట్టూ ఇనుప చట్రం వెల్డింగ్ చెయ్యాలి. తుప్పు పట్టి పక్కన పడేసిన పెట్టెను వాడుకుంటే మంచిదే. ఒక్క ప్రయాణం చేసిన కొత్త పెట్టెను ఇంటి కోసం కొంటే, 20 అడుగుల దానికే రెండు టన్నులకు పైగా ఉక్కు వాడినట్టు. అంత ఉక్కుతో మామూలు పద్ధతిలో ఎన్నో చిన్నిళ్ళ చట్రాలు లేస్తాయి.

అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రం తావోస్ దగ్గర మైకెల్ రేనాల్డ్స్ 1970ల నుంచి కడుతున్న ఎర్త్‌షిప్ ఇళ్ళది ఇంకో దారి. పాత టైర్లలో మట్టి పోసి సుత్తితో దిమ్మిస కొట్టి గోడలుగా పేరుస్తారు, ముందువైపు అద్దాల వరండా, కప్పు మీది వానా మంచూ తొట్టెల్లోకి. ఎత్తైన పొడి ఎడారిలో, పగలు నిండా ఎండ, రాత్రి చలి ఉన్నచోట పుట్టిన ఆలోచన అది. చలీ తేమా మబ్బూ కలిసిన చోటికి దాన్ని ఉన్నదున్నట్టు ఎత్తుకెళితే, ఇన్సులేషన్ లేని ఆ బరువు గోడే ఇంటి వేడిని మట్టిలోకి లాగేస్తుంది. మందపాటి గోడ గురించి పైన చెప్పుకున్నదే ఇదీ.

## తిండీ, గ్యాసూ ఇంటి దగ్గరే అంటే

ఒక మనిషికి రోజుకి 2,000 కేలరీలు, ఏడాదికి 7,30,000. కిలో ధాన్యం గింజల్లో 3,500 కేలరీలు, కాబట్టి సుమారు 209 కిలోలు. హెక్టారుకి 3 టన్నులు పండితే 700 చదరపు మీటర్ల పొలం, ఒక్క మనిషికి, గింజలకే. కప్పు మీద తోట కూరలకీ ఆకులకీ బాగుంటుంది, కడుపు నింపే పని దానివల్ల కాదు. బయోగ్యాస్ కూడా అంతే. ఒక ఘనపు మీటరు గ్యాస్ రావాలంటే సుమారు 25 కిలోల పశువుల పేడ కావాలి, అది అరకిలో సిలిండర్ గ్యాస్‌కి కూడా కాస్త తక్కువే. వంటింటి చెత్త తొక్కలతో టీ కాచుకోవచ్చు, పూట గడవదు.

## ఇంటికి పని చేసిపెట్టేదెవరు

కరెంటు కంపెనీనీ నీళ్ళ శాఖనీ మురుగు శాఖనీ వదిలేశామంటే ఆ ఉద్యోగాలన్నీ మనమే చేస్తున్నామని అర్థం. ఫిల్టరు మార్చడం, పలకలు తుడవడం, గట్టర్లో ఆకులు తీయడం, ఇన్వర్టర్ కూత పెడితే ఎందుకో కనుక్కోవడం. సరదాగా చేసేవాళ్ళున్నారు. ఇంటిని అమ్మేటప్పుడు కొనేవాడికి ఆ సరదా ఉండాలిగా.

లండన్ దక్షిణ శివార్లలో 2002లో పూర్తయిన బెడ్‌జెడ్ కాలనీలో సుమారు 100 ఇళ్ళున్నాయి. కలప ముక్కలు కాల్చి కరెంటూ వేడినీళ్ళూ ఇచ్చే చిన్న ప్లాంటు, మురుగునీటిని మొక్కలతో శుభ్రం చేసే కేంద్రం అక్కడే పెట్టారు. ప్లాంటు మాటిమాటికీ ఆగిపోతుండడంతో కొన్నేళ్ళకే మూసేసి గ్యాస్ బాయిలర్లు తెచ్చారు. నీటి కేంద్రం కూడా ఖర్చు భరించలేక ఆగింది. గోడల్లోని 30 సెంటీమీటర్ల ఇన్సులేషన్ మాత్రం ఎవరూ ముట్టుకోనక్కర్లేకుండా పనిచేస్తూ వచ్చింది.

వయసు సంగతి కూడా ప్లానులోనే చూడాలి, అయినా వీడియోల్లో ఇది రాదు. ముప్పై ఏళ్ళప్పుడు నిచ్చెనెక్కి పడుకున్న అటక, మోకాళ్ళు పట్టేసిన రోజు సామాన్ల గది అవుతుంది. ట్యాంకు మూత ఎంత వెడల్పు పెట్టారు, కడగడానికి మనిషి దూరగలడా? బ్యాటరీలు పదీ పదిహేనేళ్ళకి మార్చాల్సి వస్తే, వాటిని బయటికి తీసే దారిలో వాష్‌బేసిన్ అడ్డమొస్తుందా? కింద, కిటికీ పక్క గోడకి, రెండు మీటర్ల మంచం పట్టే ఖాళీ ఉందా?